ఓటు ఒడిశాలో, కొట్లాట ఆంధ్రాలో: మా ఇంట్లో శుభలేఖ ఆగిపోయింది

కిమిడి_కుర్రోడు
మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా పొలిమేర. నాన్నగారికి అరవై ఎనిమిది, చిన్నాన్నకి అరవై మూడు. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు, మధ్యలో ఒక దిడ్డి గుమ్మం. 2024 జూన్ 4 సాయంత్రం ఆ గుమ్మానికి గడియ పడింది, ఇంకా తియ్యలేదు. ఆస్తి తగువు అనుకునేరు. ఆస్తి ఎప్పుడో సాఫీగా పంచీసుకున్నారు. నాన్నగారిది సైకిలు, చిన్నాన్నది ఫ్యాను. అదీ తగువు. ఇద్దరికీ ఆంధ్రాలో ఓటు లేదు. మా తాతకీ లేదు.

రాత్రి ఏడు నుంచి పది దాకా మా ఇంట్లో ఒక చానెలు, గోడకవతల ఇంకో చానెలు. మధ్య గదిలో నేను పడుకుంటే ఎడమ చెవిలో రాష్ట్రం వెలిగిపోతుంటాది, కుడి చెవిలో అదే రాష్ట్రం తగలడిపోతుంటాది. మే నెలలో చెమటలు కారిపోతున్నా నాన్నగారు "ఫ్యాను వెయ్" అనరు, "కాస్త గాలి పెట్టు" అంటారు. చిన్నాన్న మనవడు సైకిలు కావాలని ఏడిస్తే స్కేటింగ్ బూట్లు కొనిచ్చాడు. పొత్తు కుదిరిన దగ్గర్నుంచి గాజు గ్లాసులో టీ కూడా మానీసాడు.

ఇప్పుడు అసలు సంగతి. మాఘంలో మా చెల్లి పెళ్లి. శుభలేఖ చూపించడానికి వెళ్తే చిన్నాన్న (నాతో మాట్లాడతాడు, నాన్నగారితోనే లేదు) నాలుగు మూలలూ చూసి, "ఇదేట్రా పసుపు? మీ నాన్న పెళ్లి కార్డు కూడా పార్టీ కరపత్రం చేసీసాడా?" అన్నాడు. ఆ మాట ఇంటికి మోసుకురావడం నా బుద్ధి తక్కువ. నాన్నగారు, "పసుపు లేని కార్డు పన్నెండో రోజుకి వేస్తారు, వాడికది కావాలేమో అడుగు" అన్నారు. ఇక నేను మోయను.

చెల్లిని భుజాల మీద పెంచింది చిన్నాన్నే. ఆయన లేకుండా పెళ్లి ఎలాగ? ఈ టీవీ రోగానికి మందేమైనా ఉంటే చెప్పండి.

బరంపురం_బాబాయి
మందు లేదు నాయనా, పథ్యమే. టీవీకి రీచార్జి మానీయ్.

గుణుపురం_గుంటడు
బాబాయి గారూ, ఆ పథ్యం మా మావయ్యకి పెట్టాం. బస్సెక్కి ఆంధ్రాలోని పాతపట్నం పోయి టీ కొట్లో కూర్చుని చూసొచ్చాడు. టీవీ రీచార్జి కంటే బస్సు, టీ, పకోడీ ఖర్చు ఎక్కువయ్యింది.

మాజీ_మేస్టారు
నవ్వండి గానీ ఆ అన్నదమ్ముల్ని నేను తప్పు పట్టను. 1936 ఏప్రిల్ 1న మనల్ని మద్రాసు నుంచి కోసి కొత్త ఒడిశాకి అతికారు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పి, సవర భాష నేర్చి, ఊరిని ఒడిశాలో కలపొద్దని మొత్తుకుని, చివరికి ఆ ఏడే ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఊరి రాజావారు కృష్ణచంద్ర గజపతి మరుసటేడు, 1937లో, ఒడిశాకి మొదటి ప్రధాని అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు. రాజుగారికి కుర్చీ దక్కింది, పంతులు గారికి రైలు టిక్కెట్టు దక్కింది. ఆ రెండూ దక్కని వాళ్లం మనం.

బడిలో తెలుగు పోయింది. ఆఫీసులో లేదు, బస్సు బోర్డు మీద లేదు. పొద్దుగూకేసరికి నాలుగు తెలుగు ముక్కలు చెవిన పడాలని ప్రాణం లాగుతుంది. తెలుగు కోసమని టీవీ పెడితే దాంతోపాటు రాజకీయం కూడా వస్తుంది, రేషను బియ్యంలో రాళ్లలాగ.

మా రోజుల్లో పేపరు నౌపడలో దిగి, గుణుపురం చిన్న రైలెక్కి, ఊగుతూ ఊగుతూ వచ్చేది. మా చేతికి వచ్చేసరికి ప్రభుత్వం పడిపోయిన వార్త కూడా చల్లారిపోయేది. కోపం తెచ్చుకుందామన్నా పాతబడిపోయేది. ఆ చిన్న రైలు 2004లో ఆపీసి 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద లైను వేశారు. ఊళ్లకి మంచిదే, మా బీపీలకే మంచిది కాలేదు.

గుణుపురం_గుంటడు
మేస్టారూ, తెలుగు కోసమే అయితే ప్రవచనాలూ తెలుగులోనే వస్తున్నాయి కదా, అవెందుకు పెట్టరు? అయినా ఆ చర్చల్లో తెలుగెక్కడుంది? "క్లియర్ కట్‌గా", "బేసికల్‌గా", "డైవర్షన్ పాలిటిక్స్". నలుగురూ ఒక్కసారే అరుస్తారు, ఏ భాషో కూడా తెలీదు. గిడుగు గారు వాడుక భాష కోసం పోరాడింది ఈ వాడకానికి కాదు.

మాజీ_మేస్టారు
అదీ నిజమే.

జయపురం_జానకి
మా ఆయనా అంతే. అమరావతిలో ఏ రోడ్డు ఎన్ని అడుగులో చెప్తారు. మా రేషను కార్డుకి ఈకేవైసీ అయ్యిందా లేదా అంటే నా మొహం చూస్తారు. సుభద్రా యోజన ఫారం కోసం లైన్లో నిలబడింది నేను, ఆధారులో ఇంటి పేరు తప్పు పడితే దిద్దించుకున్నది నేను. రాఖీకి 5,000, మహిళా దినోత్సవానికి 5,000, ఏడాదికి 10,000, ఐదేళ్లు. ఇది మన ముఖ్యమంత్రి ఇచ్చేది. మా ఆయనకి మాత్రం అవతల తల్లికి వందనం ఎంతమందికి పడిందో లెక్క కావాలి.

ఒక నవ్వొచ్చే సంగతి. మా వీధిలో ఒకావిడ ఆ మధ్య వృద్ధాప్య పింఛను కోసం కష్టపడి ఆధారులో వయసు పెంచుకుంది. సుభద్రకి 21 నుంచి 60 లోపే అనేసరికి ఇప్పుడు తగ్గించుకోడానికి తిరుగుతోంది. జన్మంతా వయసు తగ్గించి చెప్పిన మనిషి, ఒక్కసారి పెంచి చెప్పినందుకు ఇంత శిక్ష.

మాజీ_మేస్టారు
అమ్మా జానకీ, నా బాధ అక్కడే. ధాన్యానికి క్వింటాలు 3,100 ఇచ్చారు, కేంద్రం మద్దతు ధర 2,300 మీద రాష్ట్రం 800 కలిపి. అది చెమటకి ధర, దండం పెడతాను. ఊరికే ఖాతాలో వేస్తే మాత్రం చెయ్యి చాపడం అలవాటైపోతుంది. ఇటు పువ్వు పార్టీ అయినా అటు సైకిలూ ఫ్యానూ అయినా ఈ విషయంలో ఒకే తాను ముక్కలు.

జయపురం_జానకి
మేస్టారూ, మీ పింఛను ఖాతాలో పడట్లేదా?

మాజీ_మేస్టారు
అది ముప్ఫై నాలుగేళ్ల సర్వీసుకి.

జయపురం_జానకి
నాది ఇరవై తొమ్మిదేళ్ల వంటింటి సర్వీసు. సెలవులు కూడా వాడుకోలేదు.

బరంపురం_బాబాయి
మేస్టారు క్లాసు వదిలి వెళ్లిపోయారు.

మాజీ_మేస్టారు
ఇక్కడే ఉన్నాను. జవాబు వెతుక్కుంటున్నాను.

పొట్టంగి_పొలిమేర
మీరంతా ఓటు లేని రాష్ట్రం కోసం కొట్టుకుంటున్నారు. మా పక్క కొటియా రండి. 21 ఊళ్లు. ఒడిశా మాదంటాది, ఆంధ్రా మాదంటాది. 1968లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన తగువు, ఇప్పటికీ తెగలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా వాళ్లొచ్చి పంచాయతీ ఎన్నికలు పెట్టీసారు, కోర్టు ధిక్కారమని ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టుకెళ్లింది. అక్కడ చాలామంది దగ్గర రెండు రేషను కార్డులు, రెండు ఓటరు కార్డులు.

నాకు జీపుంది, సంతలకి సరుకు దింపుతాను. ఒకసారి వాన పడితే ఒకరింటి అరుగు మీద కూర్చున్నాను. గోడకి రెండు కేలెండర్లు. ఒకదాంట్లో ఇటు ముఖ్యమంత్రి నవ్వుతున్నాడు, ఇంకోదాంట్లో అటు ముఖ్యమంత్రి నవ్వుతున్నాడు. మధ్యలో ఒకే మేకుకి రెండు ప్లాస్టిక్ సంచులు, ఒక్కోదాంట్లో ఒక్కో రాష్ట్రం కాగితాలు. వాన తగిలినా తడవకుండా మూతి దగ్గర రబ్బరు బ్యాండు చుట్టి. ఇంటి ముసలాయన్ని అడిగాను, "తాతా, నువ్వు ఏ రాష్ట్రం?" అని. "ఇయ్యాల ఏ వారం?" అన్నాడు. సోమవారం అన్నాను. "అయితే ఒడిశా. ఆంధ్రా బండి బుధవారం వస్తాది."

గుణుపురం_గుంటడు
ఆ తాతని ముఖ్యమంత్రిని చెయ్యండి. రెండింటికీ.

కిమిడి_కుర్రోడు
మా ఇంట్లో ఈ ముచ్చట చదివి వినిపించాను. నాన్నగారు నవ్వారు. నవ్వి, "ఆ బుధవారం బండి ఏ ప్రభుత్వంలో మొదలయ్యిందో కనుక్కో" అన్నారు.

ఆస్కా_చెరకు
ఇంకో కోణం. మనం అటు చూడ్డానికి మేస్టారు చెప్పినట్టు భాష ఒక కారణమే గానీ, ఇటు మనల్ని ఎవరూ చూడకపోవడం ఇంకో కారణం.

మా పక్కదే హింజిలి. అక్కడ గెలిచే నవీన్ పట్నాయక్ బాబు 2000 నుంచి 2024 దాకా, ఇరవై నాలుగేళ్లు ముఖ్యమంత్రి. ఆయన ఒడియా ప్రసంగం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదివేవారు. నేను పదో తరగతిలో ఒడియా వ్యాసం రాసి క్లాసులో మొదటివాణ్ణి, అయినా నేను "తెలెంగా"నే. ఆయన మట్టి బిడ్డ. సరే, బిజూ బాబు కొడుకు, పెద్దింటి మర్యాద, నోరు జారడు, ఎవరినీ తిట్టడు. అందుకే నేను రెండుసార్లు ఆయన బీజేడీ శంఖానికి గుద్దాను, దాచను.

2024 దగ్గరికొచ్చేసరికి పాండియన్ గారి గొడవ. నవీన్ బాబు దగ్గర పనిచేసిన, తమిళనాడు నుంచి వచ్చిన ఐఏఎస్, 2023 అక్టోబరులో ఉద్యోగం వదిలారు, నవంబరులో పార్టీలో చేరారు. ఇక టీవీల్లో పొద్దస్తమానం "బయటి మనిషి, బయటి మనిషి". మా కిరాణా కొట్టు దగ్గర ఒక పెద్దాయన బయటివాళ్ల పెత్తనం పోవాలని గంటసేపు ఊదరగొట్టి, మధ్యలో నన్ను చూసి ఆగాడు. భుజం తట్టి, "నిన్ను కాదులే, నువ్వు పాత బయట" అన్నాడు. ఆయన అన్నది ప్రేమతోనే. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు.

తమాషా ఏంటంటే నేనూ అప్పుడు పువ్వుకే వేశాను.

రాయగడ_రైలు
ఆస్కా గారూ, ఆ కోపం తమిళుడని కాదు. ఓటు వేసింది ఒకరికి, ఫైలు కదిలేది ఇంకొకరి దగ్గర, అదీ జనానికి నచ్చలేదు. ఎన్నికల్లో నిలబడని మనిషి హెలికాప్టర్లో దిగి అర్జీలు తీసుకోవడం ఏ రాజ్యాంగంలో ఉంది? ఆ పెద్దమనిషి ఒడియావాడైనా నేను అదే మాట అనేవాణ్ణి. 147లో పువ్వుకి 78, శంఖానికి 51 వచ్చాయంటే ఉత్త భాషాభిమానంతో రావు. నవీన్ బాబు హింజిలి గెలిచి కంటాబంజిలో ఓడారు.

ఆస్కా_చెరకు
మీరన్నదీ ఒప్పుకుంటాను. కానీ టీవీ వాడు "ఫైలు" అనలేదు, "బయట" అన్నాడు. ఫైలు అంటే జనం చానెలు మార్చీస్తారు కదా.

కిమిడి_కుర్రోడు
ఆ ఏడాది జూన్ 12న మాఝీ గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, మర్నాడే పూరీ జగన్నాథుడి గుడి నాలుగు ద్వారాలూ తెరిపించారు. కరోనా నుంచి సింహద్వారం తప్ప మిగతా మూడూ మూసే ఉన్నాయి. మా అమ్మ టీవీ ముందే చేతులు జోడించి, ఆ తర్వాత దిడ్డి గుమ్మం వైపు చూసింది. ఏమీ అనలేదు.

సిరొంచ_చిన్నోడు
నేను మీ దిక్కోన్ని కాదు, మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. గోదారికి ఈవలి ఒడ్డు. మాది గిదే కథ, టీవీల హైదరాబాదు. మేడిగడ్డ బరాజు 2019 జూన్ల సురువు చేసిండ్రు, మా అప్పటి ముఖ్యమంత్రి గూడ పోయిండు. 2023 అక్టోబర్ల పిల్లర్లు కుంగినయి. అప్పటిసంది తెలుగు చానెళ్లల్ల ఒకటే లొల్లి, ఎవని తప్పు, ఎవని కమీషన్ అని. బరాజు అవతలి కొస మా దిక్కే ఉన్నది. వెనుక నీళ్లు మా చేన్ల దిక్కు వస్తయి. మా ఊరి పేరు ఒక్కడన్న ఎత్తుతడా? మరాఠీ చానెల్ పెడితే ముంబై, తెలుగు చానెల్ పెడితే హైదరాబాదు. మేము ఇద్దరికీ వాతావరణ వార్తలల్లనే కనవడతం.

మా ఆడోళ్లకు గూడ లాడ్కీ బహీణ్ (ముద్దుల చెల్లె) పథకం 1,500 వస్తది నెలకు. మా బాపు అడుగుతుండు, లాడ్కా బావ పథకం ఎప్పుడు పెడతరని.

బరంపురం_బాబాయి
సిరొంచ తమ్ముడూ, బాపుకి చెప్పు, బావలకి ఇచ్చే పథకం ఎప్పట్నుంచో ఉంది. దాన్ని కట్నం అంటారు, చట్టం ఒప్పుకోదు.

జయపురం_జానకి
బాబాయి గారి జోకు పాతది. అయినా నవ్వాను.

రాయగడ_రైలు
మా ఊరి రైల్వే డివిజన్ సంగతి చెప్తాను, రెండు వైపుల పేపర్లూ చదివే దురలవాటు నాకుంది కాబట్టి. 2019లో విశాఖ కేంద్రంగా కొత్త జోన్ ప్రకటించారు, వాల్తేరు డివిజన్‌ని విడదీసి రాయగడలో ఒక డివిజన్ అన్నారు. 2025 జనవరి 6న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇది ఒకే నిర్ణయం. ఇక్కడి అధికార పార్టీ: ఒడిశాకి డివిజన్ సాధించాం. అక్కడి అధికార పార్టీ: ఆంధ్రాకి జోన్ సాధించాం. ఇక్కడి ప్రతిపక్షం: ఒడిశా ఆదాయానికి గండి. అక్కడి ప్రతిపక్షం: ఆంధ్రా ఆదాయానికి గండి. అంటే ఇద్దరూ గెలిచారు, ఇద్దరూ ఓడారు. ఆ డబ్బు మధ్యలో ఏ స్టేషన్లో దిగిపోయిందో ఎవరూ రాయరు.

నేనయితే స్టేషన్లో మరుగుదొడ్డి బాగుచేస్తే చాలనుకున్నాను. అది ఏ పేపరుకీ వార్త కాదు.

గుణుపురం_గుంటడు
పేపర్లదేముంది, ఏ పేపరు ఏ ఇంటిదో తెలిస్తే లోపల చదవక్కర్లేదు. సాక్షి జగన్ గారి కుటుంబానిది. ఈనాడు 1974లో విశాఖలో పుట్టింది, ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు ఎవరి వెనక నిలబడిందో పెద్దలందరికీ తెలుసు. ఒడియా వాళ్లు ఈ విషయంలో సాధువులని మనవాళ్లు అనుకుంటారు. ఓటీవీ బైజయంత్ పండా గారి కుటుంబానిది, ఆయన 2019లో పువ్వు పార్టీలో చేరారు. సంబాద్ సౌమ్యరంజన్ పట్నాయక్ గారిది, ఆయన బీజేడీ ఎమ్మెల్యేగా ఉండి 2023లో పార్టీ నుంచి బయటపడ్డారు. ధరిత్రి తథాగత సత్పతి గారిది, ఆయన బీజేడీ ఎంపీగా చేశారు. ఆంధ్రాలో పార్టీలు పేపరు పెడతాయి, ఒడిశాలో పేపరు వాళ్లు పార్టీలో చేరతారు. తేడా అంతే.

మాజీ_మేస్టారు
గోపబంధు దాసు గారు 1919లో "సమాజ" పెట్టినప్పుడు ఇలా లేదు నాయనా. కరువొస్తే కరువని రాసేవారు. ఇప్పుడు కరువు ఎవరి హయాంలో వచ్చిందో చూసి రాస్తున్నారు.

(జానకమ్మకి జవాబు ఇంకా దొరకలేదు.)

బరంపురం_బాబాయి
మా సెలూన్లో ఒక పద్ధతి చూశాను, పేటెంటు ఇవ్వాలి. కుర్చీ పక్కన మేకుకి పాత పేపర్ల కట్టలు, ఇటొకటి అటొకటి. గడ్డం గీసిన నురగ తుడవడానికి కాగితం ముక్క చింపుతాడు కదా, సైకిలు మనిషి కూర్చుంటే ఫ్యాను పేపరు చింపుతాడు, ఫ్యాను మనిషి కూర్చుంటే సైకిలు పేపరు. ఇద్దరూ చల్లగా నవ్వుకుంటూ పది రూపాయలు ఎక్కువిచ్చి వెళ్తారు. "ఏ పార్టీ కాని వాడొస్తేనో?" అన్నాను. "ఇన్నేళ్లలో ఒక్కడూ రాలేదు బాబూ" అన్నాడు.

ఇంకోటి. మా ఠాకురాణి యాత్రలో రకరకాల వేషాలు కడతారు, మొక్కులుంటాయి. రెండేళ్లకోసారి వచ్చే జాతర, అమ్మవారు మా నేతపని వాళ్ల ఇంటి ఆడబడుచు, దేశిబెహెరా గారింటి నుంచి కదలాలి. పులులూ శివుళ్లూ హనుమంతులూ మామూలే. పోయినసారి మా సందులో ఒక కుర్రాడు నల్ల కోటు తొడిగి, పేపరు చుట్టి మైకు చేసి, "బ్రేకింగ్! బ్రేకింగ్!" అని అరుస్తూ వచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు, ఒకడికి పసుపు కండువా, ఒకడికి నీలం కండువా, ఒకర్నొకరు పీక పట్టుకుని. వీడు ఆ ఇద్దరి మధ్యకీ మైకు దూర్చి "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ ఇంకా ఎగదోస్తున్నాడు. పులి వేషానికి భయపడని మా మనవరాలు వీడికి భయపడి ఏడ్చింది.

పొట్టంగి_పొలిమేర
మొక్కు ఏటి కోరుకున్నాడో ఆ కుర్రోడు!

గుణుపురం_గుంటడు
ప్రకటనలు.

ఆస్కా_చెరకు
హహహ. గుంటడూ, నీకు పది మార్కులు.

రాయగడ_రైలు
అసలు మన పెద్దవాళ్లకి ఒక్కటే తెలివి ఉంది, అది జేబు దగ్గర. నోరు ఆంధ్రాకి ఓటేస్తుంది, బండి మాత్రం పెట్రోలుకి ఒడిశా బంకుకే వస్తుంది. లీటరుకి ఏడెనిమిది రూపాయలు తేడా. పాతపట్నం వైపు నుంచి బళ్లు ఇటొచ్చి కొట్టించుకుంటాయి. మందు సంగతి అడక్కండి. 2019 నుంచి ఐదేళ్లూ అక్కడ పేరూ ఊరూ లేని సీసాలు, జనం ఇటు పరుగు. 2024 అక్టోబరులో కొత్త పాలసీ, 99 రూపాయల క్వార్టరు వచ్చాక ఇటు నుంచి అటు పరుగు. సరిహద్దులో పోలీసులు మారలేదు, ఊగే దిక్కు మారింది.

జయపురం_జానకి
కుర్రోడూ, వీళ్ల కబుర్లకేం గానీ నీ పని చెప్తాను విను. కార్డు నీ చేత్తో కాదు, నాన్నగారి చేత్తో కాదు. మొదటి శుభలేఖ అమ్మవారికి పెడతాం కదా. పాతపట్నం నీలమణి దుర్గమ్మ దగ్గరికి చిన్నాన్నని తీసుకెళ్లు, మొక్కుందని చెప్పు. పసుపు అచ్చు వెయ్యని కార్డులు నాలుగు పట్టుకెళ్లు. పూజారి చేతే పసుపూ కుంకుమా పెట్టించి, ఆయన చేతే చిన్నాన్నకి ఇప్పించు. అమ్మవారిని ఏ పార్టీ అంటాడో చూద్దాం.

మాజీ_మేస్టారు
ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు ఊరికే పోలేదు. జానకమ్మకి ఆ 10,000 సమంజసమే.

కిమిడి_కుర్రోడు
అక్కా, ఆదివారం తీసుకెళ్తాను. ఈలోగా ఇంట్లో చిన్న ప్రయోగం చేశాను, చెప్పుకుంటే సిగ్గు. మొన్న సాయంత్రం ఆరున్నరకి రిమోట్లోంచి బ్యాటరీలు తీసి నా పెట్టెలో దాచాను. ఆ రిమోటుకి ప్లాస్టిక్ కవరు, దాని మీద రబ్బరు బ్యాండు, వెనక మూత పోతే అతికించిన తెల్ల ప్లాస్టరు, మీ ఇళ్లలోనూ అలాగే ఉంటాది కదా, అన్నీ యథాతథంగా సర్దీసాను. సరిగ్గా ఏడుకి మా ఇంట్లో చర్చ మొదలయ్యింది! ఎలాగా అని చూస్తే గోడ గడియారం ఆరూ యాభై దగ్గర ఆగిపోయి ఉంది.

ఇంకొకటి. మీరంతా అంటున్నారని అడిగాను, "నాన్నగారూ, మన వార్డు కౌన్సిలరు పేరేటి?" అని. కాసేపు ఆలోచించారు. "మంగళగిరి ఎమ్మెల్యే పేరు చెప్పనా?" అన్నారు.

బరంపురం_బాబాయి
హయ్యో. గడియారానికైనా బ్యాటరీలు వెయ్ రా, ముహూర్తం దాటిపోతుంది.

సిరొంచ_చిన్నోడు
అన్నా, ఐతారం ఏమైందో చెప్పుడు మర్వకు. మా ఇంట్ల గూడ అడుగుతున్నరు.

కిమిడి_కుర్రోడు
వెళ్లొచ్చాం. చిన్నాన్న దారంతా మాట్లాడలేదు. గుళ్లో పూజారి నాలుగు కార్డులూ అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, గిన్నెలో పసుపు కలిపి, వేలితో మూల మూలకీ రాశాడు. వేలు వణుకుతోంది, పెద్దాయన. ఒక మూల పసుపు కాస్త ఎక్కువై అక్షరాల మీదికి జారింది, సరిగ్గా చిన్నాన్న పేరు దగ్గర. ఆయన ఆ పేరునే చూస్తున్నాడు. కార్డు కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, "అమ్మవారు కూడా పొత్తులో చేరిపోయిందన్న మాట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పెళ్లికి పిన్నితో కలిసి ఐదు రోజుల ముందే వస్తానన్నాడు.

దిడ్డి గుమ్మం మాత్రం తియ్యలేదు. వీధి చుట్టూ తిరిగే వస్తాడట. సరే, చుట్టూ తిరిగినా రాకే కదా.

జయపురం_జానకి
నాకు శుభలేఖ రావాలి. పసుపు నిండా పూసి పంపు.

మాజీ_మేస్టారు
అక్షింతలు నా తరఫున. టీవీ సంగతేమయ్యింది మరి?

కిమిడి_కుర్రోడు
మేస్టారూ, ఇల్లంతా చుట్టాలొస్తారని పెళ్లయ్యే దాకా టీవీ అటక మీద పెట్టించాను. గెలిచాననుకున్నాను. నిన్న రాత్రి ఏడింటికి నాన్నగారి గదిలో అరుపులు. వెళ్లి చూస్తే మేనల్లుడు ఆయన ఫోన్లో యూట్యూబు పెట్టిచ్చి పోయాడు. నన్ను చూసి పక్కన కూర్చోమన్నారు. ఫోను కళ్లకి దగ్గరగా పట్టుకుని, కింద మూల వేలు పెట్టి మెల్లగా అడిగారు:

"ఒరే, ఈ గంట గుర్తు కొత్తగా ఉంది. ఏ పార్టీదిరా?"